మీ కాలనీ పార్కులో వలస పక్షులు: హైదరాబాదులో చూడటం మొదలుపెట్టేదెలా

సెప్టెంబరు చివర్లో ఏదో ఒక పొద్దున మీ వీధిలోని పెద్ద వేపచెట్టు కింద రెండు నిమిషాలు ఆగి చెవి పెట్టండి. పై కొమ్మల్లోంచి "చిస్వీ... చిస్వీ" అని సన్నటి పిలుపు వినిపించవచ్చు. తలెత్తితే వెంటనే కనిపించదు. పిచ్చుక కంటే చిన్నది, ఆకుల రంగులోనే ఉంటుంది, ఒక్క క్షణం నిలకడగా ఉండదు. పేరు గ్రీనిష్ వార్బ్లర్. బరువు ఏడెనిమిది గ్రాములు, రెండు రూపాయి బిళ్లలంత. హిమాలయాల్లోనో, మధ్య ఆసియా అడవుల్లోనో, సైబీరియాలోనో గూడు కట్టి, పిల్లల్ని పెంచి, అక్కణ్నుంచి ఎగురుకుంటూ వచ్చి మన మల్కాజిగిరిలోనో మెహదీపట్నంలోనో దిగింది. మళ్లీ ఏప్రిల్ దాకా ఇక్కడే ఉంటుంది.

వలస పక్షులనగానే మనవాళ్లకు పులికాట్, నేలపట్టు, కొల్లేరు గుర్తొస్తాయి. అవి చూడాల్సిన చోట్లే, కాదనను. కానీ వలసను అర్థం చేసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఇంటి నుంచి నడిచో, బండి మీద పావుగంటలోనో చేరుకునే ఒక పార్కు చాలు. ఆ పార్కునే పట్టుకుని సీజనంతా పోవాలి, అదొక్కటే షరతు. వారానికో కొత్త చెరువు తిరిగితే మీ జాబితాలో పేర్లు పెరుగుతాయి, వలస మాత్రం కళ్లబడదు. ఇవాళ కొమ్మ మీద కనిపించింది పోయిన వారం లేదని చెప్పగలగాలంటే పోయిన వారం కూడా మీరు ఆ చెట్టు కింద ఉండాలి కదా.

చోటు ఎంచుకోవడం

పార్కు పెద్దదా చిన్నదా అన్నది అంత ముఖ్యం కాదు. మూడు సంగతులు చూడండి. పాత చెట్లు ఉన్నాయా, ముఖ్యంగా మర్రి, రావి, వేప, చింత, తుమ్మ? కత్తిరించకుండా వదిలేసిన తుప్పలు ఎక్కడైనా ఓ మూల మిగిలాయా? నీళ్లు, కనీసం చిన్న కుంట ఉందా? పచ్చిక పరిచి, క్రోటన్లు పెట్టి, రోజూ ఊడ్చే పార్కు నడవడానికి బాగుంటుంది గానీ పిట్టకు అందులో తినడానికి ఏమీ ఉండదు. ఊడ్చని ఆకుల కింద పురుగులుంటాయి, పురుగులున్న చోటే ఈ అతిథులు దిగుతాయి.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు ఉంటే కేబీఆర్ నేషనల్ పార్కును మించింది లేదు. బండరాళ్లు, తుప్పలు, చెట్లు అన్నీ ఒకే చోట దొరుకుతాయి. కొండాపూర్ వాళ్లకు బొటానికల్ గార్డెన్, ఎల్బీనగర్ వైపు వాళ్లకు వనస్థలిపురంలోని హరిణ వనస్థలి, చిలుకూరు దారిలో మృగవని ఉన్నాయి. ఊరి నడుమ ఉన్నవాళ్లు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను, ఇందిరా పార్కును చిన్నచూపు చూడొద్దు. చుట్టూ కాంక్రీటు పెరిగిన కొద్దీ ఎగిరివచ్చే పక్షికి దిగడానికి మిగిలే పచ్చటి చోట్లు అవే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కులో చెట్ల పిట్టలూ నీటి పిట్టలూ రెండూ చూడొచ్చు. దీనికి తోడు ఏదో ఒక చెరువును కూడా మీదిగా పెట్టుకోండి. చెరువు సంగతి కింద విడిగా చెబుతాను.

గేటు తీసే వేళలు, టికెట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, మారుతుంటాయి కూడా. కెమెరాకు వేరే టికెట్ అడిగే చోట్లున్నాయి. ముందురోజే కనుక్కుని వెళ్లండి.

ముందు మనవాటిని గుర్తుపట్టండి

ఇదే అసలు మెట్టు, చాలామంది దాటేసేదీ ఇదే. వలస పక్షులు రాకముందే, జూలై, ఆగస్టుల్లోనే పార్కుకు పోవడం మొదలుపెట్టండి. అప్పుడుండేవన్నీ దాదాపు ఏడాది పొడవునా ఉండేవే. గోరింక, పిగిలిపిట్ట, జెముడుకాకి, చీలిన తోకతో తీగ మీద కూర్చునే ఏట్రింత, నల్లంచి, దర్జీ పిట్ట, తేనెపిట్ట, లకుముకిపిట్ట, తీతువు, కోయిల, రామచిలుక, షిక్రా డేగ. ఇలా పాతిక ముప్పై పిట్టలను కంటితో, చెవితో కూడా ఖాయంగా గుర్తుపట్టగలిగితే, అక్టోబరులో కొత్తది వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అదెవరో తెలియకపోవచ్చు, మనవాళ్లలో ఒకటి కాదని మాత్రం తెలుస్తుంది. అక్కడి నుంచి పని సులువు.

ఉదాహరణకు బండల మీద, గోడల మీద ఏడాదంతా తిరిగే నల్లంచిని తీసుకోండి. మగది నల్లగా ఉంటుంది, తోక పైకి నిక్కబెడుతుంది, తోక కింద ఇటుక రంగు మచ్చ. అక్టోబరు దాటాక అవే బండల మీద బ్లాక్ రెడ్‌స్టార్ట్ అనే చలికాలపు పిట్ట వచ్చి కూర్చుంటుంది. దూరం నుంచి రెండూ ఒకేలా అనిపిస్తాయి. తోక చూడండి. రెడ్‌స్టార్ట్ తోకను నిక్కబెట్టదు, సన్నగా వణికిస్తూనే ఉంటుంది. ఎగిరిందంటే తోకంతా ఇటుక రంగులో మెరుస్తుంది. నల్లంచిని నెల రోజులు చూసి ఉన్నవాళ్లకు ఈ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది.

తోకాడించే వాగ్‌టెయిళ్ల విషయంలోనూ ఇంతే. నల్లటి తల, కంటి మీద తెల్లటి పట్టీ ఉన్న పెద్ద వాగ్‌టెయిల్ మన ఊరిదే, మేడల మీది వాటర్ ట్యాంకు అంచున కూడా పాడుతుంటుంది. ముఖమే తెల్లగా, వీపు బూడిద రంగులో ఉంటే అది చలికాలానికి వచ్చిన వైట్ వాగ్‌టెయిల్. వీపు బూడిద రంగు, కింద పసుపు, తోక చాలా పొడుగు, కాలువ పక్కన ఒంటరిగా నడుస్తోందంటే గ్రే వాగ్‌టెయిల్. ఇది అందరికంటే ముందు వచ్చేవాటిలో ఒకటి.

ఏ నెలలో ఏం చూడాలి

వలస అంటే ఒకే రోజు అందరూ దిగడం కాదు. జూలై చివర, ఆగస్టులోనే చెరువుల అంచున ఉల్లంకులు, అంటే శాండ్‌పైపర్లు, ఒకటీ అరా కనిపిస్తాయి. గులాబీ రంగు ఒళ్లు, నల్లటి తల ఉన్న రోజీ స్టార్లింగులు కూడా తొందరగానే వస్తాయి. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లల్ని లేపి, అక్కడి పని అయిపోగానే బయల్దేరతాయి. మొదట వచ్చే గుంపుల్లో మట్టిరంగు పిల్లలు ఎక్కువగా ఉంటే ఇవి వేరే జాతేమో అనుకోకండి.

సెప్టెంబరులో గ్రీనిష్ వార్బ్లర్, తీగల మీద బార్న్ స్వాలోలు. అక్టోబరులో అసలు రద్దీ. ఫ్లైక్యాచర్లు, తుప్పల్లో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, బంగారు పసుపు వంగపండు పిట్ట. తోక పొడవైన తోకపిగిలిపిట్ట కూడా ఈ రోజుల్లోనే నీడగా ఉన్న చెట్ల మధ్య తెల్లటి రిబ్బనులా పోతుంది. కొన్ని ఇక్కడ ఆగవు. రెండు మూడు రోజులు తిని, ఒళ్లు చేసి, ఇంకా దక్షిణానికి పోతాయి. అందుకే అక్టోబరులో వారానికి ఒకసారి కాక రెండు మూడు సార్లు వెళ్లగలిగితే మంచిది. ఏడాది మొత్తంలో సెలవు పెట్టుకోదగ్గ నెల ఏదంటే అదే అంటాను.

దసరా కూడా అప్పుడే వస్తుంది. పాలపిట్టను చూడాలని అందరికీ ఉంటుంది. మన రాష్ట్ర పక్షి అది. పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్ల దగ్గర దయచేసి చూడొద్దు. వాటిని పట్టడం, ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మనం ఇచ్చే పది రూపాయలే ఇంకో పిట్టను పట్టిస్తాయి. శివార్లలో, పొలాల వెంట కరెంటు తీగలు చూసుకుంటూ పోండి, తీగ మీద దానంతటది కూర్చుని కనిపిస్తుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాతులు, డేగలు. చలికి కోటు వేసుకుని కాఫీ ఫ్లాస్కుతో చెరువు గట్టున కూర్చునే నెలలు ఇవి. ఫిబ్రవరి, మార్చిలో బూరుగ, మోదుగ పూస్తాయి. పూసిన చెట్టు ఎక్కడుందో ముందే గుర్తుపెట్టుకోండి, రోజీ స్టార్లింగులు వందల్లో వచ్చి పూల మీద పడి గోలగోల చేస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం. చలికాలమంతా వెలిసిపోయినట్టున్న మగపిట్టలు వెళ్లేముందు కొత్త రంగులు వేసుకుంటాయి. అందువల్ల సెప్టెంబరులో గుర్తుపట్టలేకపోయిన పిట్టను మార్చిలో మళ్లీ చూడండి, మీకే సమాధానం దొరకవచ్చు.

బైనాక్యులర్స్

లేకుండా మొదలుపెట్టొచ్చు, రెండు నెలలు పోవచ్చు. తర్వాత మాత్రం కొనక తప్పదు. 8x40, 8x42 అని రాసి ఉన్నవి తీసుకోండి. ముందున్న అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, వెనకది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. 20, 30 రెట్లు అని ఊరించేవి కొనొద్దు. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, ఆకుల మధ్య పిట్టను వెతకడం అసాధ్యమవుతుంది.

కొన్నాక ఇంట్లోనే ఒక పని చేయండి. దూరంగా ఉన్న సైన్‌బోర్డును చూస్తూ కుడికన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి అక్షరాలు స్పష్టం చేసుకోండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగును తిప్పి అదే బోర్డును స్పష్టం చేసుకోండి. ఆ రింగును ఇక కదపొద్దు. అద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పును లోపలికి తిప్పుకోవాలి. ఇది చేయకుండా తలనొప్పి వస్తోందని పక్కన పెట్టేసినవాళ్లు చాలామంది.

పిట్ట కనిపించగానే చూపు దాని మీంచి తీయొద్దు. కళ్లు అక్కడే ఉంచి బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. కిందికి చూసి, పైకెత్తి, వెతికితే అది ఈలోగా ఎగిరిపోతుంది. ఇంటి మేడ మీద నిలబడి కాకులతో, పావురాలతో రోజూ పది నిమిషాలు సాధన చేస్తే వారం తిరిగేసరికి చేతికి అలవాటైపోతుంది.

పార్కులో ఎలా తిరగాలి

పొద్దున్నే పోవాలి, అది అందరికీ తెలుసు. డిసెంబరు, జనవరిలో మన దగ్గర ఆరున్నర దాటాక గానీ సూర్యుడు రాడు. ఎండ చెట్ల కొసలకు తగిలాకే పురుగులు కదులుతాయి, పిట్టలు పైకొస్తాయి. చలి రోజుల్లో ఏడు నుంచి తొమ్మిదిన్నర మంచి సమయం. ఎండ తగిలే వైపున్న చెట్లను ముందు చూడండి.

వాకింగ్‌కు వచ్చినవాళ్ల వేగంతో నడిస్తే ఏమీ కనిపించదు. ఇరవై అడుగులు వేయండి, ఆగండి, వినండి. తెల్ల చొక్కా, ఎర్ర టోపీ వద్దు. ఆకుపచ్చ, మట్టి రంగు, బూడిద రంగు బట్టలు బాగుంటాయి. ఫోన్ సైలెంటులో పెట్టండి.

కొన్ని చోట్ల ఆగడం నడవడం కంటే లాభం. పండ్లు పండిన మర్రి, రావి, జువ్వి దొరికితే దాని కింద అరగంట కూర్చోండి, కోయిలలు, వంగపండు పిట్టలు, స్టార్లింగులు వంతులవారీగా వస్తాయి. పైపు లీకై చిన్న మడుగు కట్టిన చోటు ఇంకా మంచిది. పార్కు నీళ్లు పెట్టే పైపు జాయింటు దగ్గర, ఎండ ఎక్కాక పది, పదకొండు గంటల వేళ, అందరూ వెళ్లిపోయాక చూడండి. పొద్దుటినుంచి కనబడని సిగ్గరి పిట్టలు, ఆరెంజ్ హెడెడ్ థ్రష్ లాంటివి, తుప్పల్లోంచి నేల మీదికి దిగి తాగి, మునిగి, ఒళ్లు దులుపుకుని పోతాయి. పది పన్నెండడుగుల వెనక్కి, చెట్టు మొదలుకు ఆనుకుని కదలకుండా కూర్చుంటే చాలు.

చలికాలంలో చిన్నపిట్టలు కలిసి తిరుగుతాయి. ఐయోరా, మినివెట్, తెల్లకన్ను పిట్ట, ఫ్యాన్‌టెయిల్, వాటి వెంట గ్రీనిష్ వార్బ్లర్, ఒక్కోసారి ఫ్లైక్యాచర్. పావుగంట సేపు ఏమీ లేని చెట్ల మీదికి ఒక్కసారిగా పది రకాలు వచ్చేస్తాయి. వెంటపడొద్దు. గుంపు ఏ దిక్కుకు కదులుతోందో చూసి, ముందుకు పోయి నిలబడితే అవే మీ తల మీదుగా వస్తాయి. కాకులు, ఏట్రింతలు ఒకే కొమ్మ చుట్టూ చేరి అరుస్తుంటే అక్కడ డేగో గుడ్లగూబో ఉన్నట్టే.

పార్కులో మాలీలను, వాచ్‌మెన్లను తప్పకుండా పలకరించండి. రోజంతా అక్కడే ఉండేది వాళ్లు. పిట్టల పేర్లు పుస్తకంలోవి చెప్పకపోవచ్చు, కానీ ఏ చెట్టుకు ఏ వేళకు ఏం వస్తోందో వాళ్లంత బాగా ఎవరికీ తెలియదు.

చిన్నవాటి దగ్గర తికమకపడితే

మొదటి సీజనులో అందరినీ ఏడిపించేవి వార్బ్లర్లే. అన్నీ ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగే. రంగును పక్కనపెట్టి, అది ఎక్కడ తిరుగుతోందో, ఏమని పిలుస్తోందో చూడండి. చెట్టు పైభాగంలో, ఆకుల కొసల్లో "చిస్వీ" అంటూ, కంటి మీద లేత గీత, రెక్క మీద సన్నటి తెల్లగీత ఉంటే గ్రీనిష్ వార్బ్లర్. నడుమెత్తు తుప్పల్లో, కనబడకుండా "చక్... చక్" అని నాలుక చప్పరించినట్టు అంటుంటే బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. తుమ్మ చెట్లలో, బూడిద తల, తెల్లటి గొంతు, చెవి దగ్గర ముదురు మచ్చతో ఉంటే లెసర్ వైట్‌త్రోట్. ఈ మూడూ వస్తే మొదటి ఏడాదికి చాలు. మిగతావాటిని "ఏదో వార్బ్లర్" అని రాసుకోవడంలో తప్పేమీ లేదు.

గ్రీనిష్ వార్బ్లరులో నాకు నచ్చే గుణం ఒకటుంది. చలికాలమంతా అది తన చెట్లను తనే కాపాడుకుంటుంది. ఇంకో వార్బ్లర్ వస్తే తరుముతుంది, పొద్దంతా పిలుస్తూ హద్దు చాటుకుంటుంది. మీ పార్కులో ఎన్ని పిలుపులు ఏ చెట్ల నుంచి వస్తున్నాయో చిన్న బొమ్మ గీసుకుంటే, నవంబరులో గీసింది జనవరిలో కూడా చాలామటుకు సరిపోతుంది.

ఫ్లైక్యాచర్లలో మీకు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది నీడలో కింది కొమ్మల మీద కూర్చుని తోకను నిక్కబెట్టే చిన్న గోధుమరంగు పిట్ట. తోక నలుపు, మొదట్లో రెండు పక్కలా తెలుపు. ముందు "ట్ర్ర్ర్" అని ఎండుకొమ్మ గీసినట్టు వినిపిస్తుంది. తూర్పు యూరప్ వైపు నుంచి వచ్చే రెడ్ బ్రెస్టెడ్, సైబీరియా నుంచి వచ్చే టైగా, రెండూ ఇలాగే ఉంటాయి. ముక్కు మొదలు లేతగా ఉంటే మొదటిది, ముక్కంతా నల్లగా ఉంటే రెండోది. మగవాటికి వసంతంలో రంగొచ్చాక, రెడ్ బ్రెస్టెడ్‌కు నారింజ రంగు ఛాతీ దాకా దిగుతుంది, టైగాకు గొంతు దగ్గరే ఆగిపోతుంది.

చెరువు దగ్గర

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఫ్లెమింగోలు దిగే చెరువది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, శామీర్‌పేట చెరువులు కూడా చలికాలంలో చూడదగ్గవే. ఏ చెరువైనా ముందు నీటిమట్టం చూడాలి. ఉల్లంకులకు, వాటిలోనే బాగా చిన్నవైన స్టింట్లకు కావాల్సింది లోతు నీళ్లు కాదు, బురద అంచు. వానలు బాగా పడి చెరువు కట్ట దాకా నిండితే బురద మునిగిపోతుంది, అవి వేరే చోటు వెతుక్కుంటాయి. 2020 అక్టోబరు లాంటి కుండపోత వానలు పడ్డ ఏడాది మొదట్లో ఏమీ లేవని నిరాశపడొద్దు, జనవరి తర్వాత నీళ్లు తగ్గాక మళ్లీ వెళ్లాలి. గుర్రపుడెక్క పూర్తిగా కప్పేసిన చెరువులో నీటికోళ్లు తిరుగుతాయి గానీ, తెరిచిన నీళ్లు కావాల్సిన బాతులు దిగవు.

పొద్దున తూర్పు గట్టున నిలబడి పడమటికి చూడండి, ఎండ మీ వీపు వైపు ఉంటుంది. సాయంత్రమైతే పడమటి గట్టు. ఎండకు ఎదురుగా నిలబడితే బాతులన్నీ నల్లటి నీడలే. సూదితోకతో సన్నటి మెడ ఉంటే పిన్‌టెయిల్, గరిటె లాంటి వెడల్పు ముక్కుంటే షవలర్, మగదానికి కంటి మీద తెల్లటి వంపు గీత ఉంటే గార్గనీ. ముందు ఈ మూడు నేర్చుకోండి.

ఉల్లంకుల్లోనూ మూడే. అంచున నడుస్తూ వెనకభాగాన్ని ఆపకుండా ఊపుతూ, భుజం ముందు తెల్లటి చీలిక ఉన్నది కామన్ శాండ్‌పైపర్. వీపు ముదురుగా, ఎగిరినప్పుడు నడుము తెల్లగా కనిపించేది గ్రీన్. వీపు మీద చుక్కలు, కంటి మీద తెల్లగీత, లేతపసుపు కాళ్లు ఉన్నది వుడ్ శాండ్‌పైపర్. బాతులన్నీ ఒక్కసారి గుప్పున లేచాయంటే వాటిని చూడటం ఆపి రెల్లు మీదుగా చూపు తిప్పండి. మార్ష్ హారియర్ అనే డేగ రెక్కలు పైకి వంచి తక్కువ ఎత్తులో తేలుతూ పోతుంటుంది.

చేపలు పట్టేవాళ్లతో మాట కలపండి. "అన్నా, కొత్త పిట్టలేమన్న దిగినయా?" అంటే, "నిన్న మాపటికి దిగినయన్నా, తూము అవతల ఉన్నయ్, నిమ్మలంగ పోండ్రి" అని సరిగ్గా చోటు చూపిస్తారు. నిమ్మలంగా పోవాలన్న మాట కూడా వినండి. జనం లేని గట్టుకు ఒంటరిగా పోకండి, వీధికుక్కల గుంపులుంటాయి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం మంచిది.

రాసుకోవడం

తేదీ, సమయం, చోటు, ఏ పిట్ట, ఎన్ని. నోటుబుక్కులో ఇంతే చాలు. తర్వాత ఈబర్డ్ యాప్‌లో పెట్టండి, అది ఉచితం. ఈబర్డ్ వెబ్‌సైటులో మీ పార్కు పేరు కొట్టి బార్ చార్ట్ తీస్తే, ఏ పిట్ట ఏ నెలలో ఎక్కువగా కనిపిస్తుందో గీతల్లో ఉంటుంది. పొద్దున పోయేముందు అది ఒకసారి చూసుకుంటే దేనికోసం వెతకాలో తెలుస్తుంది. మెర్లిన్ యాప్ పిలుపు విని పేరు చెబుతుంది. సాయమే, కానీ హారన్ల మధ్య, గోల మధ్య తప్పు చెబుతుంది. అది చెప్పిన పేరును పిట్టను చూశాకే రాయండి.

సాధారణ పిట్టలనూ రాయండి. గోరింకలు ఎన్నని రాయడం దండగ అనుకోవద్దు. నిజాం కాలంలో, 1931-32లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో తిరిగి పక్షుల సర్వే చేశారు కాబట్టే అప్పుడు ఇక్కడ ఏమేం ఉండేవో ఇవాళ మనకు తెలుస్తోంది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టేయడాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది. అలాంటి రోజు మీ పార్కుకో చెరువుకో వస్తే, ఇక్కడ ఫలానా పక్షులు ఏటా వస్తున్నాయని తేదీలతో సహా చూపించగలిగేది రాసుకున్నవాళ్లే.

ఒక్కరే నేర్చుకోవడం కష్టమనిపిస్తే డెక్కన్ బర్డర్స్ లాంటి సంఘాలు నెలనెలా బయటికి తీసుకెళ్తాయి. తెలిసినవాళ్ల పక్కన రెండు గంటలు నిలబడితే పుస్తకంలో రెండు నెలల పని అవుతుంది. జనవరిలో నీటిపక్షుల లెక్కింపు, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతాయి. రెండోదానికి మీ కాలనీ పార్కు నుంచే, పదిహేను నిమిషాల లెక్కతో పాల్గొనొచ్చు.

చేయకూడనివి

ఫోన్లో పిట్ట పిలుపు పెట్టి దాన్ని బయటికి రప్పించొద్దు. హద్దు కాపాడుకునే పిట్ట, తిండి మానేసి లేని శత్రువుతో పోట్లాడటానికి వస్తుంది. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఏడు గ్రాముల ప్రాణి ఆ ఖర్చు భరించలేదు. ఫొటో కోసం నీళ్లలోకి దిగి బాతులను లేపొద్దు. గుడ్లగూబ ఉండే చోటును, గూళ్లను వాట్సాప్ గ్రూపుల్లో పంచొద్దు. పార్కులో గింజలు, బ్రెడ్డు చల్లితే పెరిగేది పావురాలే.

సంక్రాంతి పతంగులు సరిగ్గా వలస పక్షులున్న రోజుల్లోనే ఎగురుతాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, ఇంకా దొరుకుతూనే ఉంది. పిల్లలకు నూలు దారమే కొనివ్వండి. పండగ అయ్యాక ఓ పొద్దున పార్కులో అందే కొమ్మల మీద చిక్కుకున్న దారాలను కత్తెరతో తీసేయండి. ఆ దారాలు నెలల తరబడి వేలాడుతూనే ఉంటాయి.

జూన్ మరిచిపోవద్దు

ఏప్రిల్‌తో సీజను అయిపోయిందని బైనాక్యులర్స్ బీరువాలో పెట్టేస్తారు చాలామంది. మే చివర, జూన్ మొదట్లో తొలకరితో పాటు ఇంకో వలస ఉంది. ఆఫ్రికా వైపు నుంచి చాతకం వస్తుంది. నలుపు తెలుపు ఒళ్లు, నెత్తిన జుట్టు, రెక్క మీద తెల్ల మచ్చ. అది బాబ్లర్ల గూళ్లలో గుడ్లు పెడుతుంది, కాబట్టి మీ పార్కులో గుంపుగా కిచకిచలాడే బాబ్లర్లు ఎక్కడుంటాయో అక్కడే వెతకండి.

అదే రోజుల్లో దక్షిణం నుంచి పొన్నంగి పిట్ట పైకి పోతుంది. ఆకుపచ్చ వీపు, నీలి రెక్క మచ్చ, గోధుమరంగు పొట్ట, తోక కింద ఎరుపు. తుప్పల కింద ఎండుటాకులు తిరగేస్తూ గెంతుతుంది. పొద్దున తొలివెలుగులో, సాయంత్రం చీకటిపడేముందు "వీట్-టియూ" అని రెండు ముక్కల ఈల వేస్తుంది, దాన్ని బట్టే ఎక్కువగా దొరుకుతుంది. రాత్రుళ్లు ప్రయాణం చేస్తూ దీపాలకు దారితప్పి, అద్దాలకు కొట్టుకుని, బాల్కనీల్లో, వరండాల్లో సొమ్మసిల్లి పడుతుంటుంది.

మీ ఇంట్లో అలా పడితే చేయాల్సింది ఇదీ. మెత్తటి గుడ్డతో పట్టుకుని, గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి మూత వేయండి. అడుగున గుడ్డ పరవండి. చీకటిగా, చల్లగా, పిల్లలకూ పిల్లికీ దూరంగా ఉన్న గదిలో పెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం, బ్రెడ్డు పెట్టొద్దు. ఊరికే మూత తీసి చూడొద్దు, సెల్ఫీలు అసలే వద్దు. గంట, రెండు గంటల్లో తేరుకుని పెట్టెలో గెంతుతున్న చప్పుడు వినిపిస్తే, పగటిపూట కాకులు పడతాయి కాబట్టి సాయంత్రం కాకులు గూళ్లకు చేరాక, దగ్గర్లోని తుప్పల పక్కన మూత తీసి పెట్టి దూరంగా జరగండి. రెక్క వేలాడుతున్నా, రక్తం కనిపించినా వదలొద్దు. వెంటనే అటవీ శాఖ వాళ్లకో, పక్షులను చూసే పశువైద్యులకో అప్పగించండి.